ఎ ఫర్ అటాక్

టెక్సాస్‌లో పెరిగిన రిచర్డ్ గారియట్ 1985లో ‘అల్టిమా 4: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్’ అనే ఆటని ఆపిల్ 2 కంప్యూటర్ మీద విడుదల చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు ఉన్నాయి కదా, వాటిలో ఒక్కదాన్ని కూడా ఆయన ఊరికే కూర్చోబెట్టలేదు. ఎ అంటే అటాక్. బి అంటే బోర్డ్, ఓడో గుర్రమో ఎక్కడం. సి కాస్ట్, మంత్రం వేయడం. జి పెట్టె తెరవడం, హెచ్ బిచాణా దించి పడుకోవడం. ‘ఎ ఫర్ ఆపిల్’ అంటూ బెత్తం దెబ్బలతో నేర్చుకున్న చదువుని ఆపిల్ కంప్యూటరే చెరిపేసిందన్నమాట.

చిక్కల్లా ఒకే అక్షరం కోసం రెండు పనులు పోటీపడ్డప్పుడే. నిచ్చెన ఎక్కడానికి క్లైంబ్ అనాలి, కానీ ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నట్టు మంత్రగాళ్ళు సి మీద ముందే తువ్వాలు వేసేశారు. దాంతో క్లైంబ్ వెళ్ళి కె మీద కూర్చుంది, స్పెల్లింగు కూడా కె తోనే. ఒంట్లో బలమెంత, జేబులో బంగారమెంత అని చూసుకునే స్టాట్స్‌కి ఎస్ దొరక్క జెడ్ దగ్గర సర్దుకుంది. తెర మీద నిజంగానే ‘జ్టాట్స్’ అని పడుతుంది. ఆటలో ఎనిమిది సుగుణాలు సాధించాలి. స్పెల్లింగు వాటిలో లేదు కాబట్టి సరిపోయింది.

ఈ ఆట ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. మా బావగారికి దీన్ని పరిచయం చేసిన పుణ్యం నాదే. ఆయన ప్రభుత్వాఫీసులో టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. టైపు హయ్యర్ పాసైన మనిషి, కీబోర్డు కనిపిస్తే చాలు, వేళ్ళు వాటంతటవే ఇన్‌స్టిట్యూట్ మొదటి పాఠంలోకి వెళ్ళిపోతాయి: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. ఆ పాఠాన్ని అల్టిమా భాషలో చదివి చూడండి. ఎడమచేయి దాడి చేస్తుంది, వెతుకుతుంది, కిందికి దిగుతుంది, ఫిరంగి పేలుస్తుంది, పెట్టె తెరుస్తుంది, పనిలో పనిగా మళ్ళీ పేలుస్తుంది. కుడిచేయేమో ఎక్కడున్నామో చూసుకుంటుంది, నిచ్చెన ఎక్కుతుంది, తాళం తీస్తుంది, అక్కడే ఓ కునుకు వేస్తుంది, లేచి ఇంకో తాళం తీస్తుంది. ఎడమచేయి సిపాయి, కుడిచేయి దొంగ. మన రాష్ట్రంలో టైపు నేర్చుకున్న లక్షల మందికి ఈ సంగతి తెలియకుండానే సర్టిఫికెట్లు ఇచ్చేశారు.

అయితే ఈ ఆటకి తొందరపాటు పనికిరాదు. మీరు కీ నొక్కితే అది ఎదురు ప్రశ్న వేస్తుంది. నిచ్చెన లేనిచోట కె నొక్కితే ‘క్లైంబ్ వాట్?’ అంటుంది, ఊరు లేనిచోట ఇ నొక్కితే ‘ఎంటర్ వాట్?’ అంటుంది. ఈ రకం ఎండార్స్‌మెంట్లు ఫైళ్ళ మీద ముప్పయ్యేళ్ళు రాసినవారు కాబట్టి బావగారు నొచ్చుకోలేదు. “క్లారిఫికేషన్ అడుగుతోంది, తప్పేముంది?” అన్నారు. పోనీ ఆలోచించుకుందామని కాసేపు చేతులు కట్టుక్కూర్చుంటే, ఆటే ‘పాస్’ అని రాసుకుని ముందుకు పోతుంది. మీరు మాన్యువల్ తిరగేస్తున్నంతసేపూ అవతల మీ జట్టు తింటూనే ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవాల్సినవి ఎ, టి. టి నొక్కి దిక్కు చూపిస్తే ఎదుటివాడితో మాట్లాడతారు. ఎ నొక్కి అదే దిక్కు చూపిస్తే వాడి మీద పడతారు. మామూలు ఆటల్లో ఇదేం పెద్ద విషయం కాదు. ఇక్కడ మాత్రం చివర్లో చంపాల్సిన రాక్షసుడే లేడు. నిజాయితీ, దయ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం, ఈ ఎనిమిదింటిలో మీరెంత పండారన్నదే ఆట. దారినపోయే పెద్దమనిషిని కొడితే ఊరి కాపలావాళ్ళంతా మీదికొస్తారు, సుగుణాల ఖాతాలోనూ చడీచప్పుడు లేకుండా కోత పడుతుంది. కోపమొచ్చి కొట్టారా, వేలు జారి కొట్టారా అని విచారించే కీ ఏదీ లేదు.

మాటలు కూడా టైపు చెయ్యాలి. పేరు అడగాలంటే ‘నేమ్’, వృత్తి అడగాలంటే ‘జాబ్’, కుశలం అడగాలంటే ‘హెల్త్’, వెళ్ళొస్తానంటే ‘బై’. మొదటి నాలుగక్షరాలు చాలు, ఆటకి అర్థమవుతుంది. బావగారు మాత్రం ఏ ఒక్కరినీ నాలుగక్షరాల్లో పలకరించలేదు. పూర్తి మాట కొట్టి, చివర చుక్క పెట్టాలని కూడా చూశారు.

ఇక రాజుగారు. పేరు లార్డ్ బ్రిటిష్. యుద్ధాల్లో ఒళ్ళంతా గాయాలైతే ఆయన దగ్గరికి వెళ్ళి ‘హెల్త్’ అని కొట్టాలి. తాను బాగానే ఉన్నానని చెప్పి, నువ్వు బాగున్నావా అని అడుగుతాడు. లేదు అంటే ఆ క్షణమే గాయాలన్నీ మాన్పేస్తాడు, పైసా పుచ్చుకోడు. అవును అంటే సంతోషం అని ఊరుకుంటాడు. ఈ కిటుకు ఏ తెలుగువాడికైనా కొరుకుడు పడుతుందా? ‘బాగున్నారా?’ అంటే ‘ఆ, మీ దయవల్ల’ అనడమే తప్ప వేరే జవాబు మన నోట పుట్టదు కదా. ఐసీయూలోంచైనా అదే అంటాం. ప్రాణం అడుగంటిన వీరుణ్ణి వెంటేసుకుని బావగారు సింహాసనం ముందు నిలబడి, వై, ఇ, ఎస్ అని ఒక్కో అక్షరం కొట్టారు.

“నో అనండి బావగారూ, వైద్యం చేస్తాడు.”

“బావుందోయ్! అంతటివాడు ఆప్యాయంగా అడిగితే మొహమ్మీదే బాగాలేనంటామా?”

రాజుగారు ఎదురుగా ఉండగానే వైద్యం మనమే చూసుకోవాల్సి వచ్చింది. అంటే మంత్రం. మంత్రాలు కూడా ఇరవై ఆరే, అక్షరానికొకటి. అవి వేసేముందు ఎం నొక్కి మందు నూరి పెట్టుకోవాలి, దినుసులకీ మళ్ళీ అక్షరాలే. ఇక్కడ సి గొప్పతనం చూడండి. సి అంటే మంత్రం వేయడం. సి అనే మంత్రం క్యూర్, విషానికి విరుగుడు. దానికి కావలసినవి జిన్‌సెంగూ, సి అనే వెల్లుల్లీ. వంటింట్లోంచి అక్క తొంగిచూసి, “వెల్లుల్లా? పర్లేదు, ఎవరో తెలిసినవాళ్ళే చేశారు” అంది. ఆట మొత్తంలో తను మెచ్చిన భాగం అదొక్కటే.

ఆ దినుసులు అమ్మేది చూపులేని ఆవిడ. ధర చెబుతుంది, ఎంత ఇచ్చేదీ మీరే అంకె కొట్టాలి. ఆమె లెక్కపెట్టుకోలేదు. తక్కువ కొట్టినా సరుకు ఇచ్చేస్తుంది, నిజాయితీ మాత్రం పోతుంది. బావగారు ఆమె చెప్పిన ధరని రెండుసార్లు చదివి, పైసాతో సహా సరిగ్గా కొట్టారు. తర్వాత కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచి, తెర కేసి చూస్తూ కూర్చున్నారు.

“ఏం బావగారూ, ఆగారు?”

“రసీదు ఇవ్వలేదోయ్. దానికి ఆర్ నొక్కాలా?”

“ఆర్ అంటే కత్తి పట్టుకోవడం.”

“అబ్బే, ముందు మర్యాదగా అడిగి చూద్దాం” అన్నారు.