సారథి కావలెను: సగోత్రీకులకు ప్రాధాన్యం

పెట్టుబడిదారులకు మనవి. క్యాబ్ బుక్ చేసుకునే కొత్త యాప్ ఒకటి తేవాలని సంకల్పించాను. ఇప్పుడున్న యాప్‌లు కస్టమరే దేవుడంటాయి గానీ, తీరా ఆ దేవుణ్ని మినీయా, సెడానా, ఎస్‌యూవీయా అని అడిగి ఊరుకుంటాయి. దేవుడికి బండి వివరాలెందుకండీ? తోలేవాడి పుట్టుపూర్వోత్తరాలు కావాలి. అందుకని పెళ్లి సంబంధాల సైట్లలో ఉండే గళ్లన్నీ మా యాప్‌లో పెడుతున్నాం: మతం, కులం, శాఖ, గోత్రం, తాతల ఊరు. సగోత్రం పెళ్లికి పనికిరాదు గానీ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి శ్రేష్ఠం. వానపడి సగోత్రీకులు దొరక్కపోతే, సర్జ్ రేటు మీద వియ్యాలవారి తరఫువాళ్లను పంపుతాం.

గిరాకీ ఉంటుందా అని మీకు అనుమానం అక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన డ్రైవరు ముస్లిం అని తెలిసి ఓలా బుకింగు రద్దు చేసుకున్నాడు. చేసినవాడు చేసినట్టు ఊరుకోక ఆ ఘనకార్యాన్ని ట్విటర్‌లో చాటుకున్నాడు. మేం కులమతాలు చూడమని ఓలా జవాబిచ్చింది. 2019 అక్టోబరులో మన హైదరాబాద్ పాతబస్తీలో ఇంకొకాయన చికెన్ 65 తెప్పించుకుని, తెచ్చిన కుర్రాడి మతం నచ్చక పుచ్చుకోలేదు. కోడి ఎవరింట పెరిగిందో మాత్రం వాకబు చేసినట్టు లేదు. 2022లో మళ్లీ హైదరాబాద్‌లోనే ఒక స్విగ్గీ ఆర్డరు కింద, ముస్లిం డెలివరీ మనిషి వద్దని సూచన కనిపించింది. బెల్ కొట్టొద్దు, కుక్క ఉంది అని రాసుకోమని ఇచ్చిన గడి అది.

మడి కట్టుకోవడం తప్పని నేననను. కట్టుకున్నాక మధ్యలో విప్పకూడదు, అంతే. డ్రైవరును సరిచూసుకున్న భక్తుడు బండిలో పోసిన పెట్రోలు సంగతీ చూసుకోవాలి కదా. మన దేశానికి ముడిచమురు అమ్మేవాళ్లలో ఇరాక్, సౌదీ అరేబియా, యూఏఈ ఏళ్ల తరబడి ముందు వరసలో ఉన్నాయి. స్టీరింగు దగ్గర పనికిరాని మతం ట్యాంకులో ఎలా పనికొచ్చిందో! ఇక కింద ఉన్న రోడ్డు ఏ కులంవాళ్లు వేశారు, పైన ఉన్న ఫ్లైఓవరుకు ఏ రాష్ట్రం కూలీలు కాంక్రీటు మోశారు అని మొదలుపెడితే, ఆ పెద్దమనిషికి ఇంట్లోంచి కాలు బయటపెట్టే యోగం ఉండదు.

అంతటా ఉన్నదేలే అంటారా? నిజమే, ఇంగ్లాండ్‌లోనూ ఉంది. రోచ్‌డేల్ అనే ఊళ్లో బాలికలపై లైంగిక దాడుల కేసులో 2012లో తొమ్మిదిమందికి శిక్ష పడింది. వాళ్లలో టాక్సీ డ్రైవర్లున్నారు, ఎక్కువమంది పాకిస్తానీ మూలాలవాళ్లు. నేరం ఘోరం, ఊరి భయం నిజం. 2015 నాటికి అక్కడో టాక్సీ సంస్థ, అడిగినవారికి తెల్లవాళ్లనే పంపుతోందని వార్తలొచ్చాయి. కస్టమర్లు మాత్రం మర్యాదగా 'లోకల్' డ్రైవరు కావాలనేవారట. అక్కడే ఇల్లూ వాకిలీ ఉండి, అక్కడే లైసెన్సు తీసుకుని, అక్కడే పన్ను కడుతున్న మిగతావాళ్లు రాత్రికి రాత్రి పరాయివాళ్లైపోయారు. తొమ్మిదిమంది నేరానికి వేలమంది చర్మానికి శిక్ష వేస్తే పిల్లలకు రక్షణ వస్తుందా? తెల్లవాడైనా నల్లవాడైనా ప్రతి డ్రైవరు పూర్వాపరాలూ పోలీసులతో తనిఖీ చేయిస్తే వస్తుంది. నేపథ్యం అడగొద్దని ఎవరన్నారు? నేరచరిత్ర అడగండి, లైసెన్సు అడగండి. కులం ఏ కోర్టూ వేసిన శిక్ష కాదు.

మరి రాత్రిపూట ఆడవాళ్లు మహిళా డ్రైవరే కావాలంటే అది వివక్ష కాదా అని నిలదీసే తార్కికులున్నారు. అయ్యా, ఆ కోరిక వెనక ఉన్నది తక్కువచూపు కాదు, ప్రాణభయం. దానివల్ల మగ డ్రైవర్ల బేరం పోదు. క్యాబ్ తోలే ఆడవాళ్లు నగరంలో ఎంతమందున్నారో ఈ తార్కికులకూ తెలుసు.

ఇక మిగిలింది బ్రహ్మాస్త్రం: 'నా డబ్బు, నా ఇష్టం'. అమెరికాలో పాన్ అమ్ విమాన సంస్థ ఈ అస్త్రాన్నే కోర్టులో ప్రయోగించింది. విమానంలో సేవలందించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ఒక మగమనిషిని కాదంది. ఎందుకయ్యా అంటే, ప్రయాణికులు ఆడవాళ్లనే ఇష్టపడుతున్నారంది. 1971లో అప్పీలు కోర్టు ఆ వాదాన్ని కొట్టేసింది. జనంలో ఉన్న దురభిప్రాయాలను వదిలించడానికే 1964 నాటి పౌరహక్కుల చట్టం తెస్తే, ఆ దురభిప్రాయాలనే సాకుగా చూపిస్తే ఎలా అన్నది తీర్పు సారాంశం. కస్టమరు అడిగాడు కదా అని కంపెనీ తల ఊపితే, ఆ తప్పు కంపెనీదే.

మన దగ్గర చట్టం ఇంకా అంత దూరం రాలేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర, రోడ్ల మీద ఎవర్నీ అడ్డుకోవద్దంది. దుకాణదారు కస్టమరును గెంటితే ఏం చేయాలో ఉంది. కస్టమరు దుకాణదారు మతం అడిగితే ఏం చేయాలో లేదు. ప్రైవేటు రంగంలో అన్నిరకాల వివక్షనూ నిషేధించాలని శశి థరూర్ లోక్‌సభలో ఓ ప్రైవేటు బిల్లు పెట్టారు. అది బిల్లుగానే ఉండిపోయింది. ఈలోగా తెరమీద డ్రైవరు పేరు కనిపిస్తుంది, పక్కనే క్యాన్సిల్ బటన్ ఉంటుంది. కారణం అడిగితే 'ప్రయాణం వాయిదా పడింది' అని నొక్కితే చాలు. నా యాప్ అవసరం లేకుండానే పని జరిగిపోతోందన్నమాట. పెట్టుబడిదారులు ఈ ముక్క గమనించకుందురు గాక.

మా ప్రీమియం కేటగిరీ వివరాలు కూడా చెబుతాను. అందులో సారథి శల్యుడు. సాక్షాత్తూ మద్రదేశపు రాజు, వంశానికి వంక పెట్టలేం. సూతపుత్రుడికి నేను రథం తోలడమా అని మొదట చిర్రెత్తిపోయాడు. ఎక్కాక దారి పొడుగునా కర్ణుణ్ని దెప్పిపొడిచాడు. చక్రం కుంగితే దిగి ఎత్తుకున్నది ప్రయాణికుడే. అవతలి రథం ఎకానమీ. తోలినవాడు రేపల్లెలో పశువులు కాసిన కుర్రాడు. ఆ రెండు ట్రిప్పుల రేటింగులూ లోకానికి తెలుసు. ఇక సూర్యుడి సారథి అనూరుడికి తొడలే లేవు. అయినా ఇంతవరకు ఏ పొద్దూ క్యాన్సిల్ కాలేదు.

నిజమైన సమతావాదులు మన హైదరాబాద్ డ్రైవరన్నలే. ఫోన్ చేసి రెండే ప్రశ్నలు వేస్తారు: "డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అంటే బ్రాహ్మణుడైనా, పఠాన్ అయినా, పాస్టర్ అయినా ఒకేలా క్యాన్సిల్ చేస్తారు. అదీ కోపం తెప్పించేదే, కానీ అది పుట్టుకను చూసి కాదు, పేమెంటు చూసి.

కాబట్టి దేవుళ్లకు నా విన్నపం. ఏసీ వేయమనండి, పాటలు ఆపమనండి, నిదానంగా పొమ్మనండి. అవన్నీ మీ ఇష్టాలు, డబ్బులిచ్చారు గనక అడిగే హక్కుంది. తోలేవాడు ఎవరికి పుట్టాడని అడిగారా, అది ఇష్టం కాదు, వివక్షే. దాన్ని కంపెనీలు మన్నించకూడదు, చట్టం చూస్తూ ఊరుకోకూడదు. అడక్కుండా ఉండలేనివారు హాయిగా నడిచి వెళ్లండి, ఒంటికి మంచిది.