ఎరుపు తగ్గింది

కృష్ణా డెల్టాలో నూర్పులు మొదలయ్యాయంటే మా కంటి ఆసుపత్రికి ఎర్రబడ్డ కళ్లు వరస కడతాయి. వరి ఆకు గీసుకున్నవి, ఊక పడినవి, మట్టి చేత్తో నలుపుకున్నవి. ఆ డిసెంబరులో వచ్చిన పెద్దావిడకి తూర్పారబడుతుంటే తాలు ఎగిరొచ్చి కుడికంట్లో కొట్టింది. మూడు వారాలు ఆగి వచ్చింది. చూపు పరీక్ష నా పని. బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా ఆనలేదు. మొహం ముందు చెయ్యి ఆడిస్తే, "ఏదో కదుల్తోంది తల్లీ" అంది.

డాక్టరుగారు కంటికి రంగు అంటించి నీలి వెలుగులో చూశారు. నల్లగుడ్డు మీద పుండు పచ్చగా మెరిసింది. అంచులు కోడి ఈకలా చీలికలు చీలికలుగా ఉన్నాయి, చుట్టూ చిన్న చిన్న మచ్చలు. అనుమానం బూజు మీదికే పోయింది. పుండు మీంచి కాస్త గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో పెడితే బూజు పోగులు కొమ్మలు వేసుకుని కనబడ్డాయి.

తొలి రోజుల్లోనే వస్తే నాటామైసిన్ చుక్కలతో ఇలాంటి కళ్లు చాలా దక్కుతాయి. గంటగంటకీ వెయ్యాలి, వారాల తరబడి ఓపిక పట్టాలి. ఈ కంటికి ఆ అదను దాటిపోయింది. పుండు మానినా పువ్వు మిగులుతుంది.

"ముందు మందేమైనా వేశావామ్మా?"

"వేశాను బాబూ. రెండ్రోజుల్లో ఎరుపు తగ్గింది, నొప్పీ తగ్గింది. తర్వాతే మసకేసింది."

ఆయన మొహం మారిపోయింది. స్టెరాయిడ్ చుక్కలు! ఎరుపూ నొప్పీ మన ఒళ్లు బూజుతో పోరాడుతున్నప్పుడు పుట్టేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. కన్ను తెల్లబడుతుంది, మనిషి నిశ్చింతగా పనిలోకి పోతుంది, లోపల బూజు అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. కళ్లకలకైనా, పుండైనా, ఒక రకం నీటికాసులైనా పైకి కనబడేది ఆ ఎరుపే. పరీక్ష చెయ్యకుండా ఏది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

"ఎవడిచ్చాడు? మీ ఊరి ఆర్‌ఎంపీయేనా?" డాక్టరుగారి గొంతు వరండా దాకా వినిపించింది. "వీళ్లని జైల్లో వెయ్యాలి! నిక్షేపంలాంటి కళ్లు పోగొడుతున్నారు!"

ఆవిడ బిత్తరపోయి, రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో సగం మిగిలిన చుక్కల సీసా, దానికి చుట్టిన చీటీ. డాక్టరుగారు మడతలు విప్పారు. ఆవిడ భర్త పేరు, ఆగస్టులో చేసిన శుక్లం ఆపరేషను తేదీ, వెయ్యాల్సిన చుక్కలు. అడుగున డాక్టరుగారి సంతకం. మిగిలిన మందు పారెయ్యమని ఎక్కడా రాసి లేదు.

"తమరిచ్చిందే బాబూ. దీంతోనే గదా మా ఆయన కన్ను బాగైంది! ఆర్‌ఎంపీ మందివ్వనన్నాడు. బూజు పడుతుంది, ఆ రోజే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. మీ మందు ఇంట్లో ఉండగా వాడి మాట వినడమేంటని నేనే పోలేదు."