ఎంత పోస్తే అంత ఆరోగ్యం

లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా, డిండోలీ. సూరత్‌లో తెలుగు మాట చెవినపడే ఈ గల్లీల్లో ఒక వైద్యశాస్త్రం పుట్టి చాలాకాలమైంది. దానికి గ్రంథం లేదు, సూత్రం ఒకటుంది: ఎంత పోస్తే అంత ఆరోగ్యం. కాళ్ళు వాచాయా, మూత్రం ఎక్కువగా పోయించే నీళ్ళ గోళి. పొద్దున్నే మొహం ఉబ్బిందా, నీళ్ళ గోళి. బీపీ ఉందేమోనని పక్కింటి వదినెకు అనుమానం వచ్చిందా, అనుమానం ఆమెదైనా గోళి మనకే. తమ్ముడి పెళ్ళికి కుట్టించిన జాకెట్ పట్టడం లేదా, అప్పుడు రెండు.

ఈ శాస్త్రానికి ఆచార్యుడు మెడికల్ షాపు భాయ్. ఆయన నాడి పట్టడు, గుండె వినడు, కౌంటర్ మీదుగా వంగి కాళ్ళకేసి ఒక్క చూపు చూస్తాడు. "పాణీ ఛే" అంటాడు, నీరుందని. అంతే, రోగ నిర్ధారణ అయిపోయింది. ఫ్యూరోసెమైడ్ అనే ఆ నీళ్ళ గోళి అట్ట మీద ఆర్ఎక్స్ గుర్తు ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్చరిక ఉంటుంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ చలవ అది. భాయ్ ఆ హెచ్చరిక ఉన్న వైపే కత్తెరతో నీటుగా కత్తిరించి, మిగిలిన నాలుగు గోళీలు కాగితప్పొట్లంలో పెడతాడు. నిబంధన ఆయన షాపులోనే భద్రంగా ఉండిపోతుంది. గోళి మాత్రం ఇంటికొస్తుంది.

గోళీలమీద ఎగబడటం ఈ ఊరికి కొత్త కాదనుకోండి. 1994 సెప్టెంబరులో ప్లేగు, ప్లేగుని మించిన పుకార్లు కలిసి సూరత్ మీద పడ్డప్పుడు, లక్షలమంది దొరికిన రైలెక్కి పారిపోయారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ ఊడ్చుకుపోయింది. దగ్గు లేనివాళ్ళూ మింగారు, ముందుజాగ్రత్తకి దాచుకున్నారు. కానీ వాళ్ళ వెనక ప్రాణభయం ఉంది. ఇప్పుడు మన వెనక ఉన్నది వేలు వాచి బిగిసిన ఉంగరం.

ఇంతకీ ఈ గోళి ఏం చేస్తుంది? "ఒంట్లున్న చెత్తంత కడిగేస్తది అన్నా" అని చెప్పని మేస్త్రి లేడు. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగట్టి, ఒకటి రెండు లీటర్లు వదిలి, తక్కినదంతా వెనక్కి లాక్కుంటాయి. అలా ఉప్పుని వెనక్కి లాక్కునేచోట గోళి అడ్డం పడుతుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీళ్ళు పోతాయి, ఫ్యూరోసెమైడ్ రకం గోళీలకైతే పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఈ ఊరేగింపులో చెత్త ఎక్కడా కనబడదు. పోయిన పొటాషియం మాత్రం కనబడుతుంది: పిక్కలు పట్టేస్తాయి, కాళ్ళలో సత్తువ ఉండదు, గుండె లయ తప్పుతుంది. సోడియం బాగా పడిపోతే పెద్దవయసువాళ్ళు తికమకగా మాట్లాడతారు. అప్పుడు గోళిని ఎవరూ అనుమానించరు. ఊళ్ళో దాయాదులు మంత్రం వేయించారంటారు.

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు ఊరినెలా ముంచాయో చూసినవాళ్ళు ఈ గల్లీల్లోనే ఉన్నారు. ఎగువన మట్టమెంత, దిగువన ఎవరున్నారు అని చూసి గేటు ఎత్తాలని, ఎప్పుడెత్తాలో ముందే లెక్కేసుకోవాలని వాళ్ళు అర్ధరాత్రి లేపినా చెబుతారు. అదే మనుషులు తమ ఒంట్లో గేటు ఎత్తే పనిని, ఏ మట్టమూ కొలవని భాయ్‌కి అప్పజెబుతారు.

కాళ్ళ వాపు సంగతి చూద్దాం. పవర్‌లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ. మగ్గానికీ మగ్గానికీ మధ్య ఇరుకు సందులో నిలబడటం, నడవటం, మళ్ళీ నిలబడటం. ఆ కాళ్ళు సాయంత్రానికి వాచకపోతేనే ఆశ్చర్యం. పడుకుని కాళ్ళ కింద దిండు పెట్టుకుంటే చాలావరకు తగ్గే వాపు అది. ఇంకో రకం ఉంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి ఆ మందు వల్లే మడమల దగ్గర నీరు చేరుతుంది. నడుం నొప్పికని రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ ఉప్పుని ఒంట్లో ఆపి వాపు తెస్తుంది. అంటే ఒక గోళి వాపు తెచ్చింది, దాన్ని దించడానికి ఇంకో గోళి వచ్చింది. ఈ రెండోది, ముఖ్యంగా థయజైడ్ రకమైతే, యూరిక్ యాసిడ్ పెంచి బొటనవేలు కీలుని ఎర్రగా ఉబ్బించింది. ఆ నొప్పికి మళ్ళీ డైక్లోఫెనాక్. చక్రం పూర్తయింది, భాయ్ గల్లాపెట్టె నిండింది. డాక్టరు దగ్గరకు వెళ్ళి ఉంటే, ఆయన ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించి కథ అక్కడే ముగించేవాడేమో.

ఈ చక్రంలో ఒక మెలిక మరీ చెడ్డది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళి, నీళ్ళ గోళి, నొప్పుల గోళి, ఈ ముగ్గురూ ఒకే ఒంట్లో కలిస్తే కిడ్నీకి మూడువైపులనుంచి దెబ్బ. పైగా మే నెల, రేకుల షెడ్డు, చొక్కా పిండితే నీళ్ళు కారే చెమట. అందులో వాంతులో విరేచనాలో తోడైతే, ఒంట్లో నీళ్ళు ఓ పక్క వాటంతటవే పోతుంటే, మనవాడు "డాక్టరు సాబ్ ఒక్కరోజు గూడ ఆపద్దన్నడు" అని నిష్ఠగా గోళి వేసుకుంటాడు. మామూలు రోజుల్లో ఎప్పుడూ కనబడని నిష్ఠ అది. ఇలాంటి రోజున గోళి వేయాలా ఆపాలా అన్న ఒక్క ప్రశ్న, ఒక్క ఫోనుతో తేలేది.

జాకెట్ పట్టనివాళ్ళకి మాత్రం అంతర్జాతీయ స్థాయి ఉదాహరణ ఉంది. 2003 క్రికెట్ ప్రపంచకప్ కోసం దక్షిణాఫ్రికా వెళ్ళిన ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఇంటికి తిరిగొచ్చాడు. పరీక్షలో నీళ్ళ గోళి దొరికింది. సన్నగా కనబడటానికి అమ్మ ఇచ్చిందని చెప్పాడు. ఏడాది నిషేధం పడింది. ఒంట్లోని ఇతర మందుల జాడను మూత్రంలో పలచబరిచి దాచగలవని ఈ గోళీలు క్రీడల నిషేధ జాబితాలో ఉన్నాయి. మన వదినెని ఎవరూ నిషేధించరు. రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గుతుంది, పెళ్ళి ఫొటోలు దిగుతుంది, తర్వాత దాహమేసి నీళ్ళు తాగుతుంది, రెండు కిలోలూ తిరిగొస్తాయి. కొవ్వు ఆ ఫొటోల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇక ఉప్పు. పొద్దున ఫాఫ్డా, గాంఠియా, సాయంత్రం సేవ్, మధ్యలో ఊరినుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు, ఎండకని ఉప్పేసిన ఛాస్. రోజుకి ఐదు గ్రాములకన్నా తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన తొక్కుకి ఆ సంస్థ గురించి తెలియదు. ఒక చేత్తో ఉప్పు పోసి, ఇంకో చేత్తో దాన్ని తోడిపోసే గోళి వేసుకోవడమే ఇంటింటి ఆర్థికశాస్త్రం. కాస్త చదువుకున్నవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 'తక్కువ సోడియం' ఉప్పు కొంటారు. ఆ ఉప్పులో సోడియం స్థానంలో చాలావరకు ఉండేది పొటాషియమే. స్పైరోనోలాక్టోన్ అనే నీళ్ళ గోళి మిగతావాటిలా పొటాషియాన్ని పారబోయదు, దాచిపెడుతుంది. దానికి టెల్మిసార్టాన్, ఈ ఉప్పు, రోజుకి రెండు కొబ్బరిబోండాలు తోడైతే పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. "నీళ్ళ గోళి వేసుకునేటోళ్ళు కొబ్బరినీళ్ళు తాగాలె" అని వాట్సాప్‌లో పెట్టే బాబాయ్, ఏ గోళి అన్నది కూడా రాస్తే పుణ్యముంటుంది.

ఇదంతా గోళిని తిట్టడమనుకోకండి. వందేళ్ళ కిందట ఒంట్లో నీరు తియ్యడానికి పాదరసపు సూదులు పొడిచేవాళ్ళు. అక్కడినుంచి చూస్తే ఇది వరం. గుండె బలహీనపడి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకానుకుని తెల్లవార్లూ కూర్చునే ముసలాయన నిద్రపోయాడంటే ఈ చిన్న గోళి చలవే. ముప్పైమూడు వేలకు పైగా మందితో చేసి 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం ఆల్‌హాట్‌లో, చవకైన నీళ్ళ గోళి క్లోర్తాలిడోన్ ఖరీదైన కొత్త బీపీ మందులకి ఏమాత్రం తీసిపోలేదు. అంత పెద్దమనిషి గోళి.

విచిత్రమేమంటే, ఆ ముసలాయనకే ఇది వద్దు. "రోజూ మింగితే కిడ్నీలు ఖరాబైతయి బిడ్డా" అంటాడు. కాస్త ఊపిరి ఆడగానే ఆపేస్తాడు. ఊరికి పోయే బస్సులో మధ్యలో దిగనివ్వరని రెండు రోజులు మానేస్తాడు, దిగాక ఆ బాకీ తీర్చడానికి మూడు ఒకేసారి వేస్తాడు. అవసరం లేని ఇంట్లో భక్తి, అవసరమున్న ఇంట్లో భయం. వేసుకున్నా, పనిచేసిందా లేదా అని బాత్రూంలో లెక్క కడతారు. నూలు కిలోల్లో, గుడ్డ మీటర్లలో కొలిచి బతికే ఊరిది. ఇక్కడ పొద్దున్నే ఒంటికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకునేవాడు ఎవడు? గుండె జబ్బువాళ్ళు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకి చెప్పాలి; ఆ సంగతి తెలిపేది ఆ బరువే. రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ స్మీమేర్ ఆసుపత్రిలోనో సివిల్ ఆసుపత్రిలోనో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ అక్కడ లైన్లో నిలబడితే ఆ పూట మీటర్లు పడవు.

మీటర్ల మాట వచ్చింది కాబట్టి డాక్టరుగారినీ ఒక మాట అనాలి. ఆయన చీటీ మీద రాస్తాడు: పొద్దున ఒకటి. రాత్రి నిద్ర చెడకూడదని ఆ జాగ్రత్త. ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపు మొదలై ఆరు గంటలదాకా తన పని చేస్తుంది కదా. కానీ రాత్రి పాళీ కార్మికుడికి పొద్దున అంటే పడుకునే వేళ. ఏడింటికి కార్ఖానా నుంచి వచ్చి, చాయ్ తాగి, చీటీ చెప్పినట్టు గోళి మింగి చాప మీద వాలతాడు. పదింటికల్లా నాలుగుసార్లు లేస్తాడు. ఒకే గదిలో వంతులేసుకుని పడుకునే మిగతావాళ్ళు తిడతారు. మూడోరోజు గోళి బంద్. పగటి పాళీ అయితే ఇంకో తంటా: పన్నెండు మగ్గాలు వదిలి మరుగుదొడ్డికి పోతే, తిరిగొచ్చేసరికి రెండింట్లో పోగు తెగి ఉంటుంది. తెగిన పోగుకి కూలి కోస్తారు. అందుకని మనవాడు గోళికి బదులు నీళ్ళు మానేస్తాడు. ఎండలో, షెడ్డులో, నీళ్ళు తాగకుండా పన్నెండు గంటలు.

"నీ డ్యూటీ ఎప్పుడు?" అని డాక్టరు అడగడు. "నా పాళీ మారింది సాబ్, ఎప్పుడెయ్యాలె?" అని మనవాడూ అడగడు. ఇద్దరిమధ్యా ఒక్క మాట నడిస్తే గోళి సమయం జరపవచ్చు, రకం మార్చవచ్చు. కార్ఖానా యజమాని సేఠ్‌ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆయనా నీళ్ళ గోళి వాడతాడు. పొద్దున తొమ్మిదింటికి, టిఫిన్ అయ్యాక, ఆఫీసుగదికి ఆనుకునే బాత్రూం ఉంది గనక చీటీలో రాసినట్టే వేసుకుంటాడు.