అడక్కుండానే వన్స్ మోర్

ఆదోనిలో ఒక వస్తువు చెడిపోతే బాగుచేసేవాడు దొరకడం ఆలస్యం కావచ్చు గానీ, ఎందుకు చెడిందో చెప్పేవాళ్లకు కొదవ లేదు. రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న వ్యాపారపు ఊరు కదా. పత్తి బోరెంలోకి రెండు వేళ్లు దూర్చి, ఒక పోచ లాగి, అది ఏ ఊరి చేనుదో చెప్పే పెద్దమనుషులు ఇక్కడ ఉన్నారు. అలాంటివాళ్ల ముందు లాప్‌టాప్ పెట్టి "దీంట్లో పాట తెగి తెగి వస్తాంది" అంటే ఊరుకుంటారా?

నేను మార్కెట్ యార్డు దగ్గర ఒక కమీషన్ మండీలో లెక్కలు రాస్తాను. మా సేటు చూడగానే వైరస్ అని తేల్చేశాడు. ఆయన దృష్టిలో కాటా తప్పు చూపించినా వైరసే, వేరుశనగ ధర పడిపోయినా వైరసే. హమాలీ మేస్త్రీకి జాతరల్లో మైకు సెట్లు కట్టిన అనుభవం ఉంది. "కోన్ చినిగినాదిలే అన్నా, కొత్తది ఏసుకుంటే సరి" అన్నాడు. లాప్‌టాప్ లోపల అంత పెద్ద కోన్ పట్టే చోటెక్కడుందని ఎవరూ అడగలేదు. సెల్ షాపు పిల్లగాడు లాప్‌టాప్ మూత కూడా తెరవకుండా "విండోస్ కొట్టాలన్నా" అన్నాడు. ఆ సీజనులో రైతులకు రాసిన పట్టీలన్నీ అందులోనే ఉన్నాయి. పాట తెగుతోందని పట్టీలు పోగొట్టుకునే మండీ ఆదోనిలో ఇంతవరకూ లేదు. టీ గ్లాసులు తెచ్చే కుర్రాడు మాత్రం "ఒకసారి ఆపి మల్ల పెట్టన్నా" అన్నాడు. అలా పెడితే కాసేపు బాగానే పలికింది. తర్వాత మళ్లీ మొదటికే వచ్చింది. ఆ "కాసేపు"లోనే అసలు గుట్టంతా ఉంది. పెద్దల సలహాల గోలలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పగలు లెక్కలు చేసిన ఆ లాప్‌టాప్ సాయంత్రం నాతోపాటు బస్సెక్కి 30 కిలోమీటర్ల అవతల ఎమ్మిగనూరు చేరుతుంది. ఇంట్లో అడుగు పెట్టాక అది నాది కాదు, మా నాయనది. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికినవాడు. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘానికి నేసినవాడు. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చిన సంగతి చెప్పేటప్పుడు అందులో కనీసం ఒక గజం తనదీ ఉన్నట్టు చెబుతాడు. మగ్గం తర్వాత ఆయన ప్రాణం పద్యనాటకం. వయసులో ఉండగా దుర్యోధనుడి వేషం కట్టేవాడు. నటుడు బళ్ళారి రాఘవ మా జిల్లా మనిషేనని ఆయన వాదన. 1953 అక్టోబరు 1 దాకా మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే కాబట్టి ఆ వాదనకు కాగితం బలం ఉంది. "ఆయన పుట్టింది తాడిపత్రిలో కదా నాయనా" అంటే, "పుట్టేది ఎవుడైనా పుడతాడు, నటించేది సూడు" అంటాడు.

ఆయన వేసిన నాటకం ఒకటి, ఎవరో పుణ్యాత్ముడు టేపు రికార్డరులో పట్టింది, క్యాసెట్టుగా మిగిలింది. దాన్ని నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. రోజూ రాత్రి రొట్టె తిన్నాక అది వినాలి. వింటూ తొడ మీద తాళం వేయాలి. పద్యం అయిపోయి రాగం అందుకునే చోట మా అమ్మ పని ఆపి వినాలి. ఇది ఇంటి చట్టం.

ఆ రాగం మీదనే లాప్‌టాప్ కన్ను పడింది. గుక్క తిప్పుకోకుండా సాగాల్సిన ఆలాపనను కొత్తిమీర తరిగినట్టు తరిగేసింది. కొన్నిచోట్ల ఇంకా ఘోరం, చివరి ముక్కనే పట్టుకుని గరగరమని మళ్లీ మళ్లీ వినిపించేది. నాటకంలో వన్స్ మోర్ అనేవాడు ఒక నోటైనా చేతిలో ఊపి అడుగుతాడు. ఇది ఎవరూ అడక్కుండానే మొదలుపెడుతుంది, రాజుగారు సింహాసనం మీద కూర్చునేదాకా కూడా ఆగదు.

"ఏందిరా ఇది, నాకు దగ్గొచ్చినట్టుండాదే?" అన్నాడు నాయన.

"నువ్వు కాదు నాయనా, మెషీను."

"ఇనేవాళ్లకు మెషీనని తెలుస్తాదా? దమ్ము సాలక ఆపినాడంటారు."

నిజమే. బొమ్మ తడబడితే కన్ను సర్దుకుంటుంది. సెకనుకు 24 బొమ్మలు చూపించి కదిలినట్టు నమ్మించే సినిమాలతో వందేళ్లుగా దానికి ఆ అలవాటు ఉంది. చెవి అంత అమాయకురాలు కాదు. రెండు మూడు మిల్లీసెకన్ల ఖాళీ వచ్చినా పసిగడుతుంది. అందుకే వీడియో కాల్‌లో అల్లుడి మొహం నిలిచిపోతే "నెట్టు లేదేమో" అని ఊరుకునే జనం, గొంతు తెగితే మాత్రం పెద్దగా అరుస్తారు. అరిచినందువల్ల అవతలివాడి గొంతు అతుక్కున్న దాఖలా లేదు.

ఇంతకీ లోపల ఏం జరుగుతుందో నాయనకు చెప్పాల్సి వచ్చింది. కంప్యూటరుకు పద్యం తెలియదు, రాగం తెలియదు. తెలిసింది అంకెలు. సెకనుకు 48,000 అంకెలు వరుసగా అందితే అది దుర్యోధనుడి గొంతు. వాటిని ఒక్కొక్కటిగా కాకుండా చిన్న చిన్న కట్టలుగా అందిస్తుంది. విండోస్‌లో మామూలుగా పది మిల్లీసెకన్లకు ఒక కట్ట, అంటే 480 అంకెలు. ఒక కట్ట వాయించే లోపల రెండోది సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఖాళీ, లేదా పాత కట్టనే మళ్లీ వాయించడం. నేను ఇంతవరకు చెప్పానో లేదో, నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అర్థమాయలే. కండె అయిపోయినా నాడె ఇసురుతాండాది."

ముప్పై పేజీల ఇంగ్లీషు చదివి నేను తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాడెలో కండె అయిపోయింది గమనించకుండా ఆడిస్తే పేక పడదు, గుడ్డలో సందు పడుతుంది. తప్పు నాడెది కాదు. కండె సమయానికి చుట్టి పెట్టనివాళ్లది.

"మీ యమ్మ రాట్నం కాడ కూచుని కండెలు సుట్టేది. తలుపు కొట్టిన పతోనికీ లేసి పోయేది. ఆడ నేను మగ్గంలో కాళ్లు ఊపుకుంటా కూచునేవాణ్ని."

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "తలుపు కొట్టినోళ్లంతా నీ నాటకం జనమే కదప్పా!"

మా ఇంటి పాత తగాదా అలా మళ్లీ మొదలైంది గానీ, కంప్యూటరులో జరిగేది అక్షరాలా అదే. ప్రాసెసరు కండెలు చుడుతూ ఉంటుంది. వైఫై చిప్పు తలుపు కొడుతుంది, బ్యాటరీ కొడుతుంది, మౌసు కొడుతుంది. ఒక్కొక్కరికీ డ్రైవరని ఒక మధ్యవర్తి ఉంటాడు. మర్యాదస్తుడైన డ్రైవరు గుమ్మం దగ్గరే మాట చెప్పి పోతాడు. కొందరు లోపలికొచ్చి కూర్చుని కాఫీ అడుగుతారు. వాళ్లు లేచేదాకా ప్రాసెసరు రాట్నం దగ్గరికి పోవడానికి లేదు. సౌండు కార్డు అమాయకంగా ఖాళీ నాడె విసురుతూ ఉంటుంది, ఊరంతా దాన్ని తిడుతుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది, గంపలో ముందే నాలుగు కండెలు ఎక్కువ చుట్టి పెట్టుకోవడం. బఫరు పెంచడం అంటే అదే. నాయనకు ఇందులో లోపం కూడా చెప్పకుండానే తట్టింది. "సంఘపోళ్లు రంగు మార్చమన్నెనుకో, సుట్టిండేటివన్నీ అయిపోయేదాకా పాత రంగే పడతాది." అవును. బఫరు పెద్దదైతే తెగడం తగ్గుతుంది గానీ ఆలస్యం పెరుగుతుంది. నాటకం వినేవాళ్లకు అర సెకను ఆలస్యమైతే నష్టమేమీ లేదు. మీట నొక్కినప్పుడే పలకాల్సిన కీబోర్డు వాయించేవాళ్లకు మాత్రం అది చావు.

తలుపు కొట్టే గొడవ పెద్ద పెద్ద కంపెనీలకూ తప్పలేదు. 2007లో విండోస్ విస్టా వచ్చిన కొత్తలో, పాట పెట్టుకుంటే నెట్‌వర్కులో ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయని లోకమంతా మొత్తుకుంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే మార్క్ రుస్సినోవిచ్ ఉన్న సంగతి బయటపెట్టాడు. నెట్‌వర్కు నుంచి వచ్చే పొట్లాలు పాటను తెంపకుండా, పాట నడిచేంతసేపూ మిల్లీసెకనుకు పది పొట్లాలకు మించి లోపలికి రానివ్వకుండా వాళ్లే కాపలా పెట్టారట. పాటకు అంత మర్యాద ఇచ్చిన కాపలాదారును జనం తిట్టిపోశారు. నాయన అయితే సన్మానం చేసేవాడు.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోనులో పద్ధతి చెప్పాడు. "మామా, అన్నీ ఒకేసారి పీకొద్దు. ఒక్కోటి పక్కన పెట్టుకుంటా పో." ముందు బ్లూటూత్ బాక్సు తీసేసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టమన్నాడు. బ్లూటూత్‌దీ వైఫైదీ ఒకే 2.4 గిగాహెర్ట్‌జ్ వీధి. పాపం బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు దారి మార్చుకుంటూ తప్పించుకు తిరుగుతుంది, అయినా రద్దీలో దెబ్బలు తగులుతాయి. పక్కనే యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ గుచ్చితే దాని రొద కూడా అదే వీధిలో పడుతుందని ఇంటెల్ వాళ్లే 2012లో రాసిపెట్టారు. వైరు పెట్టినా రాగం తెగింది, కాబట్టి బ్లూటూత్ నిర్దోషి. ఫైలు లాప్‌టాప్‌లోనే ఉంది, కాబట్టి నెట్టు స్పీడును తిట్టే అవకాశం పోయింది. వేరే ప్లేయరు పెట్టినా అదే తంతు. సౌండును మెరుగుపరుస్తామని చెప్పుకునే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేశాం. పద్యానికి ఏమీ కాలేదు, నాయన గొంతులో లేని గాంభీర్యం మాత్రం పోయింది. అది ఆయనకు చెప్పలేదు.

చివరికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాం. ఇది ఎవడు ఎంతసేపు గుమ్మంలో నిలబడ్డాడో పేరుతో సహా రాసిపెడుతుంది. ఊళ్లో పెళ్లి చదివింపుల పుస్తకం కూడా ఇంత నిక్కచ్చిగా ఉండదు. పట్టీలో పై వరసలో నెట్‌వర్కు డ్రైవరు ఉంది. వైఫై ఆపితే కొంత మెరుగు. దాని కింద ఏసీపీఐ అని కనిపించింది. కరెంటు, వేడి, ఫ్యాను సంగతులు చూసే శాఖ అది. మేనల్లుడు ఒక్క క్షణం ఆగి అడిగాడు. "మామా, మొదట కాసేపు బాగా పాడతాందా?"

టీ కుర్రాడి మాట అప్పుడు గుర్తొచ్చింది. పాడతాంది. మొదటి పద్యం నిక్షేపంగా పాడి, సభ వేడెక్కేసరికి తడబడుతుంది. సభ కాదు వేడెక్కేది, ప్రాసెసరు. వంద డిగ్రీలకు దగ్గరపడితే అది కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంటే రాట్నం మెల్లగా తిరుగుతుంది. గుమ్మంలో ఒక్కడు నిలబడినా ఇక కండె అందదు.

వెనక మరలు విప్పాం. ఫ్యాను కనపడలేదు. అది ఉండాల్సిన చోట పత్తి ఉంది.

సీజనంతా బోరేల మధ్య బల్ల మీద కూర్చుని లెక్కలు చేసిన లాప్‌టాప్ అది. గాలి పీల్చిన ప్రతిసారీ ఆదోని గాల్లో తేలే పోచలను లోపలికి లాక్కుంది. గాలి బయటికి పోయే రేకుల మీద అవి ఒకదాన్నొకటి పట్టుకుని పరుపులా పేరుకున్నాయి. 170 కిలోల బేళ్లు కట్టే ఊళ్లో చిటికెడు దూది లెక్కలోకి రాదు గానీ, ఆ రేకులకు అది చాలు. చిన్న బ్రష్షుతో దులిపి, బ్లోయరుతో ఊదాం. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. సెల్ షాపు పిల్లగాడే ప్రాసెసరు మీద ఎండిన పేస్టు గీకి కొత్తది పూశాడు. పూస్తూ కూడా "ఎందుకైనా మంచిది, విండోస్ కూడా కొట్టేద్దామా అన్నా" అన్నాడు. వదలడు.

ఆ దూదిని కాగితంలో పెట్టి ఇంటికి తెచ్చాను. దేవుడి దగ్గరికి వత్తులు చేసుకుంటుందని అమ్మ ముందు పెడితే ముక్కు మూసుకుంది. "దీంతో దీపం పెడితే నీలకంఠేశ్వరుడు జాతరకు కూడా రానియ్యడు మనల్ని" అంది.

రాత్రి నాటకం పెట్టాం. ఒక పద్యం, రెండు పద్యాలు, తర్వాత రాగం. ఎక్కడా తెగలేదు. హార్మోనియం తిత్తి ఊపిరి కూడా వినపడింది. నాయన కళ్లు మూసుకుని తాళం వేస్తున్నాడు. ఇన్నాళ్లూ లాప్‌టాప్ గరగరలాడి దాటేస్తూ వచ్చిన చోటు ఒకటి వచ్చింది. అక్కడ దుర్యోధనుడు ఆగాడు. తెర పక్క నుంచి ఒక గొంతు పద్యం మొదటి మాట అందించింది. దుర్యోధనుడు అందుకోలేదు. ఆ గొంతు ఈసారి కొంచెం పెద్దగా, విసుగ్గా, రెండో మాట కూడా కలిపి అందించింది.

అమ్మ చేతిలో పని ఆపి నాయన వైపు చూసింది. చట్ట ప్రకారం ఆపాల్సిన చోటు అది కాదు.

నాయన తాళం వేసే చెయ్యి తొడ మీదే ఉంది. లాప్‌టాప్ కేసి చూసి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"ఆ ప్రాంప్టరు గొంతొకటి తీసేసేకి దీంట్లో ఏమన్నా ఉండాదేంరా?"