పైరసీ సీడీ అన్నకు పద్మశ్రీ ఎప్పుడు?

ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన సరుకంతా తొంభైల నుంచీ ఫ్రీవేర్ కిందే లెక్క, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు అని మైక్రోసాఫ్ట్ ఏఐ విభాగాధిపతి ముస్తఫా సులేమాన్ 2024 జూన్‌లో సెలవిచ్చారు. ఈ ముక్క పాతికేళ్ల కిందటే అని ఉంటే, మన కంప్యూటర్ బజార్లలో విండోస్ సీడీలు కాపీ తీసి అమ్మిన అన్నలు పోలీసు జీపు చప్పుడుకి షట్టర్లు దించాల్సిన పనుండేది కాదు. పాపం, డిస్కుకి డిస్కు మక్కీకి మక్కీ దించడమే వాళ్ల తెలివితక్కువతనం. అదే డిస్కును ఓ పెద్ద యంత్రానికి తినిపించి, బయటికొచ్చినదానికి నెలకు 10 డాలర్ల చందా వసూలు చేసి ఉంటే ఈపాటికి శాస్త్రవేత్తలై పోయేవాళ్లు. మన కాపీరైటు చట్టం 63బి సెక్షను, దొంగ సాఫ్ట్‌వేరని తెలిసి వాడినవాడికే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు రాసిపెట్టింది. కనుక ప్రభుత్వం తక్షణం ఆ కేసులన్నీ ఎత్తేసి, అన్నలకు పింఛను మంజూరు చేసి, ఐఐటీలో గౌరవాచార్యుల పీఠం వేయాలి. పద్మశ్రీ సంగతి వచ్చే జనవరిలో చూసుకోవచ్చు.

ఏఐ చదివితే తప్పేంటి, మనిషి మాత్రం ఒకరి కోడ్ చదివి నేర్చుకోవడం లేదా అని అడుగుతారు. నేర్చుకుంటాడు, కానీ ఒప్పజెప్పడు. 2021లో మైక్రోసాఫ్ట్ వారి కోడ్ రాసే ఏఐ గిట్‌హబ్ కోపైలట్‌ను కదిపితే, క్వేక్ 3 ఆటలోని ప్రసిద్ధమైన విలోమ వర్గమూలం ఫంక్షన్‌ను, దాని పక్కన ప్రోగ్రామరు విసుగుతో రాసుకున్న బూతుతో సహా అప్పజెప్పింది. పైగా ఆ కోడ్ జీపీఎల్ లైసెన్సుది కాగా, దానికి సంబంధం లేని మరో లైసెన్సు అతికించింది. సీడీ అన్న నయం కాదూ? మార్కరు పెన్నుతో వంకర అక్షరాల్లోనైనా ‘విండోస్ 98’ అని రాసేవాడు. సొమ్ము ఎవరిదో దాచలేదు.

బహిరంగంగా పెట్టింది మీరే కదా అన్నది రెండో వాదన. పెట్టాం, షరతు రాసి పెట్టాం. జీపీఎల్ అయితే, దీనిమీద కట్టి పంచేదాన్ని కూడా ఇలాగే అందరికీ ఇవ్వమంటుంది. ఎంతో ఉదారమైన ఎంఐటీ లైసెన్సు అడిగేది కాపీరైటు నోటీసూ, ఆ అనుమతి పాఠమూ చెరపొద్దని మాత్రమే. వాడొద్దని స్పష్టంగా రాసినవాళ్ల సంగతి వేరు, అది కోర్టులు తేల్చాలి అని సులేమానే అన్నారు. మరి ఫైలు నెత్తిమీద రాసిన షరతు ఏ ఖాతాలోకొస్తుంది? 1976లో తన బేసిక్ సాఫ్ట్‌వేరును ఔత్సాహికులు దొంగిలిస్తున్నారని బహిరంగ లేఖ రాసింది మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు బిల్ గేట్సే. తినిపిస్తే తప్పులేదనుకుంటే విండోస్, ఆఫీస్ సోర్స్ కోడ్‌ను కూడా యంత్రానికి తినిపించండి. విస్తరి ముందు మీది వేయండి.

ఇక వెటకారం చాలు. రాత్రుళ్లు కూర్చుని ఊరికే కోడ్ రాసిచ్చినవాళ్లు అడిగింది పేరు, మహా అయితే తిరిగి పంచే మర్యాద. అదీ ఇవ్వరు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే ఉచిత సాఫ్ట్‌వేరులో భద్రతా లొసుగు బయటపడినప్పుడు మాత్రం, దాన్ని జీతం లేకుండా చూసుకుంటున్న వలంటీర్లెవరో లోకమంతటికీ గుర్తొచ్చింది. దానితో సంబంధమే లేని కర్ల్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు కర్తకు సైతం ఒక పెద్ద కంపెనీ నుంచి, ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వండంటూ తాఖీదు వెళ్లింది. నింద మోపడానికి దొరికిన చిరునామా, పేరు వేయడానికి ఎందుకు దొరకదు? 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్టే ఓ హామీ ఇచ్చింది: కోపైలట్ ఇచ్చినదాని మీద ఎవరైనా కాపీరైటు దావా వేస్తే, డబ్బు కట్టి వాడుకునే వ్యాపార ఖాతాదార్ల తరఫున తానే పోరాడి, పరిహారం కూడా తానే కడతానని. అంతా ఫ్రీవేరే అయితే దావా భయం దేనికి? కొన్నవాడికి వకీలు, రాసినవాడికి వీధి. ఇది బరితెగింపు.