ఈ ఏడాది నా పిల్లలు ఎవరు?

2025 మహిళా దినోత్సవం నాడు మార్కాపురంలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగారు, ఎంతమందిని కన్నా ప్రతి కాన్పుకూ ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. విజయనగరం ఎంపీగారు ఇంకో అడుగు వేశారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే తన జీతంలోంచి 50 వేలు, మగపిల్లాడైతే ఆవు. (ఒట్టి ఆవా, పాడి ఆవా అన్నది తేలాలి.) సంతోషం. కానీ ఆ మూడో బిడ్డను ఆదాయపు పన్ను లెక్కల్లో ఎక్కడ చూపించాలి?

పిల్లల చదువు మినహాయింపుల్లో చోటే లేదు. పాత పద్ధతిలో పన్ను కట్టే జీతగాడికి చదువు అలవెన్సు మీద మినహాయింపు 2026 మార్చి దాకా బిడ్డకు నెలకు 100 రూపాయలే. హాస్టల్లో ఉంటే ఇంకో 300. అదీ ఇద్దరికే. ట్యూషన్ ఫీజు మినహాయింపు చూపించుకోవాలన్నా ఇద్దరే. ఏ ఇద్దరన్నది మాత్రం తండ్రి ఇష్టానికే వదిలేశారు.

అందుచేత ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, ఆఫీసువాళ్లు రసీదులు అడిగిన రోజు ఎన్నికలు పెట్టాలి. పెద్దవాడు కార్పొరేట్ కాలేజీలో ఇంటర్. రసీదు బరువైనది కాబట్టి ఏకగ్రీవం. రెండో స్థానానికి నడిపిదానికీ, చిన్నవాడికీ పోటీ. నడిపిది సర్కారు బడిలో చదువుతోంది. ఫీజు లేదు, కాబట్టి రసీదు లేదు, కాబట్టి ఆ పిల్ల మనకు పుట్టనే లేదు. చిన్నవాడి ప్లేస్కూలు రసీదులో సగం డెవలప్‌మెంట్ ఫీజు, మిగిలినదాంట్లో సగం బస్సు. రెండూ చెల్లవు. పావు కొడుకుగానైనా నెగ్గాడు. ఓడిపోయిన పిల్ల మూతి ముడిస్తే, "అన్నయ్య చదువు అయిపోనీ తల్లీ, అప్పుడు నువ్వే మా కూతురివి" అని బుజ్జగించాలి. వాడు ఇంజినీరింగ్‌లో చేరాడంటే ఇంకో నాలుగేళ్లు ఆగాలి.

దారి లేకపోలేదు. భార్య కూడా పన్ను కట్టేంత సంపాదిస్తే ఆమె లెక్కలో మరో ఇద్దరికి చోటుంది. అంటే మూడోవాడు పుట్టేముందు వాళ్లమ్మకు ఉద్యోగం రావాలి, వాడు పుట్టాక ఆ ఉద్యోగం ఉండాలి. వాణ్ణి చూసుకునే దిక్కులేక ఆవిడ మానేసిందా, వాడు మళ్లీ గల్లంతే.

ఈ గొడవలన్నీ ఎందుకు, కొత్త పద్ధతికి మారిపొమ్మంటారా? అక్కడ ముగ్గురూ సమానమే. ఒక్కరికీ లెక్కలేదు.

ఇంతకీ ఆ వంద రూపాయల విలువ ఎంతుండేది? 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి బిడ్డకు ఏడాదికి మిగిలింది దాదాపు 250 రూపాయలు. స్కూలు బూట్లు కూడా వచ్చేవి కావు. రాష్ట్రం కనమంటుంది, కేంద్రం లెక్కపెట్టనంటుంది. రెండుచోట్లా ఉన్నది ఒకే కూటమి.

ఆ "ఇద్దరు" అనే అంకె కుటుంబ నియంత్రణ కాలపు గోడల మీద మనమంతా చదివినదే. ఆ రాతలు చూపించే ఈ రాష్ట్రంలో పాతికేళ్లు నిండని ఆడపిల్లల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి ఆ కోత పడింది. మగవాళ్ల లెక్క అడక్కండి, సిగ్గుచేటు. కోత కోసినందుకు క్షమాపణ చెప్పిన నాయకుడు నాకైతే కనబడలేదు. ఇప్పుడేమో ముసలివాళ్లు ఎక్కువయ్యారనో, పార్లమెంటులో సీట్లు తగ్గుతాయనో మళ్లీ ఆ ఆడవాళ్లనే కనమంటున్నారు. మీరు దించమన్నప్పుడు దించి, ఎత్తమన్నప్పుడు ఎత్తడానికి ఆడదాని కడుపేమైనా ప్రాజెక్టు గేటా? పిల్లలు కావాలంటే పనిచేసే ప్రతిచోటా బిడ్డల్ని చూసుకునే కేంద్రం పెట్టండి. ఫీజులకు ముకుతాడు వేయండి. ఆ "ఇద్దరు" కొట్టేసి అసలు ఖర్చు రాయండి. అంత ఓపిక లేదంటారా, అయితే మైకు ముందు కాన్పుల లెక్కలు కట్టిపెట్టండి.