మోటు మాటకీ ఓ మర్యాదుండేది

ఒరే అబ్బాయ్, మీ నోట అన్నిటికీ ఒకటే మాటేవిట్రా, ‘మాస్’ అని? కోడికూర మాసు, చిరిగిన ప్యాంటు మాసు, పక్కవాణ్ణి అమ్మా ఆలీ తిట్టడమూ మాసే. మా రోజుల్లో జంగారెడ్డిగూడెంలో మోటుతనానికి ఎన్ని రకాలుంటే అన్ని మాటలుండేవి. బట్టయినా బియ్యమయినా ముతక. చేతికి గీరుకునేది గరుకు. కండ పెరిగి తీరు తెలీనివాడు మొరటు. ఎంత చెప్పినా ఎక్కనివాడు బండ. ఏలూరు వెళ్లి నోరెళ్లబెట్టి నిలబడ్డవాడు బైతు. వాడూ వీడూ ఒకటి కాదని పసిపిల్లకీ తెలిసేది.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చునేవారా, నిద్ర ఆపుకోవడానికి ముతక సామెతలు చెప్పుకునేవారు. చెప్పేముందు మాత్రం, ‘కాస్త మోటుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి’ అని ఓ మాట అని మరీ చెప్పేవారు. అదిరా మర్యాదంటే. మీరో, పొద్దున లేచి ఫోన్‌లో ‘హాయ్’ అనడానికి ముందే బూతు. ఆడవాళ్ల ముందు అలాంటివి వచ్చేవి కావని కూడా చెబుదును గానీ, మా మేనత్తకు వచ్చినన్ని ముతక సామెతలు ఆ బ్యారన్ మొత్తానికీ రావు.

అసలీ మాటల వెనక ఓ పెద్ద పక్షపాతం ఉంది. నగరం నుంచి నాగరికం పుట్టింది, గ్రామం నుంచి గ్రామ్యం పుట్టింది. పేర్లు పెట్టింది ఎవరో వేరే చెప్పాలా? 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణంలో మాటల్ని నాలుగు వర్గాలు చేసి, తత్సమం, తద్భవం, దేశ్యం అయ్యాక, చివరన గ్రామ్యాన్ని కూర్చోబెట్టాడు. డెల్టావాళ్లు మా మెట్టవాళ్లని చూసినట్టే. కాలవ నీళ్లు తాగినంత మాత్రాన వాళ్ల నాలుక సన్నబడిందా ఏం?

గిడుగు రామమూర్తిగారి పేరెత్తకు. ‘ఆయనే వాడుక భాష రాయమన్నాడు కదా తాతా’ అంటావు, నాకు తెలుసు. 1919లో ‘తెలుగు’ అని పత్రికే నడిపాడు, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే అక్కడ ఉండలేక రాజమండ్రి వచ్చేశాడు, అంత పట్టుదల మనిషి. కానీ ఆయన అడిగింది శిష్టులు మాట్లాడుకునే భాష రాయనిమ్మని. నీ వాట్సాప్ గుంపులో తిట్లకి ఆయన్ని పూచీ పెట్టకు.

ఇక నాటు సంగతి. నాడంటే దేశం, నాటంటే మన నేలది. అయినా మాకు సీమది గొప్ప, నాటుది లోకువ. పొగాకులో చూడు, వర్జీనియాకి బ్యారనూ, వేలం కేంద్రమూ, కొనడానికి కంపెనీలూ. నాటు పొగాకుకి చుట్టే గతి. నాటు వైద్యం, నాటు సారా, ఏదీ పైకి చెప్పుకునేది కాదు. అలాంటిది 2023లో ‘నాటు నాటు’ పాటకి ఆస్కారే వచ్చింది! కట్టింది మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి. నేనూ సంతోషించాన్లే. కానీ ఆ రోజు నుంచీ బజార్లో ప్రతి బోర్డూ నాటే. పెరట్లో తరిమి పట్టుకునే కోడికి ఇప్పుడు బిర్యానీ కంటే ఎక్కువ రేటు, పైగా మట్టి మూకుడులో తెచ్చిస్తే మీరు ఫొటోలు. లోకువ పోయింది సరే, దాంతోపాటు రుచి కూడా ఎక్కడికి పోయిందో మరి.

నా మాటకేంలే. కిందటివారం నాటుకోడి తెచ్చి పెడితే పళ్లకి ఆనక పులుసు మాత్రం జుర్రుకున్నాను. కట్టేది సన్నంచు పంచె, తినేది సన్నబియ్యం. ముతకది పెట్టమని అడిగితే మీ నానమ్మ ఏవందో చెప్పమంటావా? కాస్త మోటుగా ఉంటుంది, ఏమీ అనుకోకు...